దూరం పోవాలంటే బ్రేకు వెయ్యాలి

బండి ఇంకా స్పీడుగా పోవాలని కొత్తగా ఒక బ్రేకు బిగించేవాడిని ఏమంటాం? పిచ్చోడంటాం. కానీ ఇంగ్లండు సముద్రతీరాల్లో గాలం వేసే జనాలు దాదాపు ఇదే పని చేశారు. గాలం ఇంకా దూరం పడాలని, దారం చుట్టే రీలు లోపల అయస్కాంతాలు అతికించి బ్రేకు పెట్టుకున్నారు. అది నిజంగానే దూరం పడింది! ఈ చిన్న బ్రేకు వెనకాల చాలా పెద్ద చరిత్ర ఉంది. అందులో గడియారాలు చేసేవాళ్ళున్నారు, ఊలు మిల్లుల మనిషి ఉన్నాడు, టాక్సీ మీటర్ల కంపెనీ ఉంది, మన కంప్యూటర్ల తాతగారు ఛార్లెస్ బాబేజ్ కూడా ఉన్నారు.

ముందు అసలు సమస్యేంటో చూద్దాం.

చెరువు గట్టు మీద కూర్చుని గాలం వేయడం వేరు, సముద్రం ఒడ్డున నిలబడి వేయడం వేరు. చాలా తీరాల్లో చేపలు అలలు విరిగే చోటు దాటాకే దొరుకుతాయి. అంత దూరం ఎరని పడవ లేకుండా చేర్చాలి. అందుకని పన్నెండు, పదమూడు అడుగుల కర్ర, దారం చివర 150 గ్రాముల దాకా సీసపు గుండు. నడుం తిప్పి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి విసరాలి. దీనికి మైదానాల్లో పోటీలు కూడా పెడతారు. అక్కడ మంచి ఆటగాళ్ళు 200 మీటర్లు దాటించేస్తారు.

సంక్రాంతికి గాలిపటం ఎగరేసినవాళ్ళకి మిగతా కథ తేలిగ్గా అర్థమౌతుంది. గాలిపటం గాలికి జోరుగా లాగుతున్నంతసేపూ చరఖా గిరగిరా తిరుగుతుంది. గాలి ఒక్కసారి పడిపోయిందనుకోండి, దారం లాగేవాడు లేడు, కానీ చరఖా తన ఊపులో తిరుగుతూనే ఉంటుంది. దారం వదులై చిక్కుముడి పడిపోతుంది. రీల్లోనూ అంతే. విసిరిన క్షణంలో గుండు వేగం చాలా ఎక్కువ. ఆ తర్వాత గాలి దాన్ని ఆపుతూ పోతుంది. స్పూలుకి ఆ సంగతి తెలీదు కదా, తన వేగంతో తను దారం వదుల్తూనే ఉంటుంది. గుండు అడిగేదానికన్నా ఎక్కువ దారం బయటికొస్తే రీలు నిండా పిచ్చుక గూడే.

ఎంత వేగమో ఒక లెక్క వేద్దాం. గుండు సెకనుకి 50 మీటర్లు పోతోంది, స్పూలు చుట్టుకొలత 12 సెంటీమీటర్లు అనుకుందాం. అంటే నిమిషానికి దాదాపు 25,000 చుట్లు. మన డెస్క్‌టాప్ హార్డ్ డిస్కు తిరిగేది 7,200!

ఆ వేగంలో చిక్కు పడితే పోయేది దారం ఒక్కటే కాదు. దారం పుటుక్కున తెగుతుంది, సీసపు గుండు తుపాకీ గుండులా ఎటో పోతుంది. తీరం మీద పిల్లాపాపలతో నడిచేవాళ్ళు ఉంటారు. అందుకే అసలు దారానికి ముందు ఒక లావుపాటి దారం కట్టడం అక్కడ తప్పనిసరి ఆనవాయితీ. ఒక ఔన్సు సీసానికి పది పౌండ్ల బరువు ఓర్చుకునే దారం ఉండాలని వాళ్ళ లెక్క. కాబట్టి ఈ బ్రేకు గొడవ సరదా వ్యవహారం కాదు.

ఇప్పుడు చరిత్రలోకి వద్దాం.

హ్యాండిల్ ఒక చుట్టు తిప్పితే స్పూలు అంతకన్నా ఎక్కువ చుట్లు తిరిగే రీలుని మల్టిప్లయర్ అంటారు. దానికి పేరు తెచ్చింది అమెరికాలోని కెంటకీ రాష్ట్రం. అక్కడ పారిస్ అనే చిన్న ఊళ్ళో జార్జ్ స్నైడర్ అనే గడియారాల పనివాడు 1810-20 ప్రాంతంలో ఇలాంటివి చేశాడు. గడియారం పళ్ళచక్రాలు చేసే చేతికి ఇదేం కష్టం కాదు. స్పూలు ఎంత నున్నగా తిరిగితే గాలం అంత దూరం పోతుంది, చిక్కు కూడా అంత తొందరగానే పడుతుంది. దానికి వాళ్ళ దగ్గరున్న బ్రేకు బొటనవేలు. తిరుగుతున్న స్పూలు మీద వేలు ఆనించీ ఆనించనట్టు పెట్టి అదుపు చెయ్యాలి. ఎక్కువ నొక్కితే దూరం పోయింది, తక్కువ నొక్కితే దారం పోయింది. ఈ విద్య పట్టుబడటానికి ఏళ్ళు పట్టేది.

ఇంగ్లండులో ఒకాయన అసలు స్పూలు తిరగడమే ఎందుకు అన్నాడు. బ్రాడ్‌ఫర్డ్ ఊలు మిల్లుల వ్యాపారంలో ఉన్న ఆల్ఫ్రెడ్ ఇల్లింగ్‌వర్త్ 1905లో కదలని స్పూలు రీలుకి పేటెంటు తీసుకున్నాడు. మిల్లులో కండె మీంచి దారం పక్కకి జారిపోయినట్టే ఇందులోనూ జారిపోతుంది. తిరిగేదే లేకపోతే ఆగకుండా తిరిగే సమస్యా లేదు. సమస్యని పరిష్కరించకుండా లేకుండా చేసెయ్యడం అంటే ఇదే :) ఇవాళ ప్రపంచంలో ఎక్కువమంది చేతుల్లో ఉన్నది ఈ రకమే. అయినా బరువైన గుండు విసిరే పోటీవాళ్ళలో చాలామంది తిరిగే స్పూలుని వదల్లేదు. దాంట్లో దారం మెలికలు పడకుండా తిన్నగా పోతుంది మరి.

మూడో మలుపు స్వీడన్లో. స్వాంగ్‌స్టా అనే ఊళ్ళో 1921లో మొదలైన ఆబూ కంపెనీ ముందు జేబు గడియారాలు చేసి, తర్వాత టాక్సీ మీటర్లలోకి దిగింది. రెండో ప్రపంచ యుద్ధం వచ్చి టాక్సీ మీటర్లు కొనేవాళ్ళు తగ్గిపోయారు. మిషన్లున్నాయి, పనివాళ్ళున్నారు, పని లేదు. అప్పుడు గాలం రీళ్ళు మొదలెట్టారు, 1941లో. వాళ్ళ అంబాసడర్ 5000 అనే రీలు (మన కారు కాదండోయ్) 1952లో వచ్చింది. అందులో స్పూలుతో పాటు తిరిగే రెండు చిన్న దిమ్మలుంటాయి. వేగం పెరిగితే అవి బయటికి జరిగి చుట్టూ ఉన్న రింగుని రాసుకుంటాయి. అదే సెంట్రిఫ్యూగల్ బ్రేకు. వేగం రెట్టింపైతే దీని పట్టు నాలుగు రెట్లవుతుంది. కానీ పట్టు మార్చాలంటే రీలు విప్పి దిమ్మలు మార్చాలి. గాలి మారినప్పుడల్లా ఇసుకలో కూర్చుని రీలు విప్పడం ఎంత హింసో ఊహించుకోండి.

ఇక అయస్కాంతం సంగతి. రాగిని అయస్కాంతం లాగదు, చిన్నపిల్లాడికైనా తెలుసు. కానీ ఫ్రాన్సులో ఫ్రాంస్వా అరాగో 1824లో ఒక వింత చూపించాడు. రాగి బిళ్ళని తిప్పితే, దాన్ని తాకకుండా పైన వేలాడుతున్న అయస్కాంతపు సూది కూడా దాంతోపాటు తిరగడం మొదలెట్టింది. ఎందుకో ఎవరికీ అంతుపట్టలేదు. మరుసటి ఏడు లండన్లో బాబేజ్, జాన్ హెర్షెల్ కలిసి ఈ ప్రయోగాన్ని తిరగేశారు. అయస్కాంతాన్ని తిప్పితే రాగి బిళ్ళ తిరిగింది. బిళ్ళకి చీలికలు కోస్తే ఆ ప్రభావం బాగా తగ్గింది, చీలికల్ని మళ్ళీ లోహంతో అతికితే తిరిగొచ్చింది. అంటే లోహంలో ఏదో చుట్టూ ప్రవహిస్తోందన్నమాట. ఆ ఏదో కరెంటు అని మైకేల్ ఫారడే 1831లో తేల్చాడు. కదిలే లోహంలో పుట్టే ఈ కరెంటు సుడులు ఆ కదలికనే అడ్డుకుంటాయి. లియాన్ ఫూకో 1855లో అయస్కాంత ధ్రువాల మధ్య రాగి బిళ్ళని తిప్పి, అది బరువెక్కడమే కాక వేడెక్కుతుందని కూడా చూపించాడు. ఇంజినీరింగులో మనం ఎడ్డీ కరెంట్స్ అని బట్టీ పట్టింది వీటినే. నమ్మకపోతే మీ ఊళ్ళో పాత రకం కరెంటు మీటరు ఏదైనా మిగిలుంటే చూడండి. అందులో తిరిగే అల్యూమినియం బిళ్ళ అదుపు తప్పకుండా పట్టుకునేది ఒక అయస్కాంతమే.

అంటే బ్రేకు సిద్ధాంతం 1831 నుంచీ అందరి కళ్ళ ముందూ ఉంది. రీల్లోకి మాత్రం 1980ల్లో గానీ గట్టిగా రాలేదు. నాకు కనిపించే కారణాలు రెండు. ఒకటి సరుకు: తేలికైన అల్యూమినియం స్పూళ్ళు కావాలి, బటన్ అంత సైజులో గట్టి అయస్కాంతాలు కావాలి. నియోడిమియం అయస్కాంతాలు వచ్చిందే 1980ల మొదట్లో. రెండోది మనిషి గర్వం. ఏళ్ళ తరబడి బొటనవేలు కాల్చుకుని నేర్చుకున్నవాడికి, నిన్న వచ్చినవాడు స్క్రూ తిప్పి అదే పని చేస్తే ఎలా ఉంటుంది?

జపాన్ కంపెనీ డైవా అయస్కాంతపు బ్రేకున్న రీళ్ళని అమ్మకానికి పెట్టింది. ఇంగ్లండులో చాలామంది మాత్రం తమ పాత అంబాసడర్ 6500 రీళ్ళకి ఇంట్లోనే బిగించుకున్నారు. పని చిన్నదే. ఎడమ పక్క పళ్ళెం లోపలివైపు, స్పూలు అంచుకి ఎదురుగా, రెండు మూడు చిన్న అయస్కాంతాలు. పక్కపక్కన ఉన్నవాటి ధ్రువాలు ఒకటి ఉత్తరం ఒకటి దక్షిణం ఉండేలా పెడితే పట్టు బాగుంటుంది. స్పూలుకి తగలకూడదు, దగ్గరగా ఉండాలి. బయట నుంచి ఒక స్క్రూతో ఆ సందుని తగ్గించి పెంచుకుంటే చాలు. సందులో కొద్ది తేడా వచ్చినా పట్టు చాలా మారిపోతుంది. వేగం రెట్టింపైతే ఈ బ్రేకు పట్టు సుమారుగా రెట్టింపే అవుతుంది, నాలుగింతలు కాదు. అందుకే మొదట్లో మరీ పీక నొక్కదు, చివర్లో వేగం తగ్గాక కూడా స్పూలుని పూర్తిగా వదిలెయ్యదు. రాపిడి లేదు కాబట్టి అరగదు, తడిసినా మారదు. తర్వాత ఆబూ కంపెనీ వాళ్ళే అయస్కాంతాలతో పోటీ రీళ్ళు అమ్మారు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఏ బ్రేకైనా స్పూలు శక్తిని తినేదే. కాగితం మీద లెక్కేస్తే, తప్పే చెయ్యని బొటనవేలు అయస్కాంతాన్ని ఓడిస్తుంది. మరి దూరం ఎలా పెరిగింది? విసిరే మనిషి మారాడు. చిక్కు పడుతుందేమో, దారం తెగి ఎవరికి తగుల్తుందో అన్న భయం ఉన్నవాడు తన బలంలో ముప్పాతిక వంతే వాడతాడు. బ్రేకు ఉందన్న నమ్మకం ఉన్నవాడు మొత్తం పెడతాడు. బ్రేకు తినేదానికన్నా ధైర్యం ఇచ్చేది ఎక్కువ.

మన ఫీల్డులో ఇదే కథ 1986 అక్టోబరులో జరిగింది. కాలిఫోర్నియాలో లారెన్స్ బర్కిలీ ల్యాబుకీ బర్కిలీ యూనివర్సిటీకీ మధ్య నెట్‌వర్కు వేగం 32 కేబీపీఎస్ నుంచి 40 బీపీఎస్‌కి పడిపోయింది. మధ్య దూరం 400 గజాలు! పంపేవాళ్ళు నెట్‌వర్కు మోయగలిగినదానికన్నా ఎక్కువ తోసేశారు. వాన్ జేకబ్సన్ తన 1988 పేపర్లో రాసిన మందు కూడా బ్రేకే: నెమ్మదిగా మొదలెట్టు, ప్యాకెట్లు పోతుంటే వెనక్కి తగ్గు. దానివల్ల ఇంటర్నెట్ నెమ్మదించలేదు, బతికింది.

"టెస్టులు, రివ్యూలు పెడితే స్పీడు తగ్గిపోతుంది" అనే మేనేజర్లు ప్రతి ఆఫీసులో ఉంటారు. అలాగే "మా రోజుల్లో ఇవేం లేకుండానే రాశాం" అనే సీనియర్లూ ఉంటారు. ఆ సీనియర్ల బొటనవేలు గొప్పదే, కాదనను. కానీ టీములో అందరికీ ఆ వేలు ఉండదు కదా. పోటీల్లో ఆరితేరినవాళ్ళు కూడా అయస్కాంతాన్ని తీసెయ్యరు, బాగా వెనక్కి జరిపి ఉంచుకుంటారు. నాకు నచ్చింది అదే. బ్రేకు ఉండాలా వద్దా అన్నది వాళ్ళ దగ్గర చర్చే కాదు, ఎన్ని మిల్లీమీటర్ల దూరంలో ఉండాలన్నదే చర్చ. మీ టీములో ఆ స్క్రూ ఎవరి చేతిలో ఉంది?