ఎండసీమలో ఇత్తడి గొట్టములు

కడప జిల్లా ముద్దనూరు చేరువను కలమల్ల యొద్ద 1994లో మొదటి యూనిటు, మరుసటి యేట రెండవది, ఒక్కొక్కటి 210 మెగావాట్ల సామర్థ్యముతో నడచుటకు మొదలిడిన రాయలసీమ తాపవిద్యుత్కేంద్రమును చూడబోవువారి దృష్టి పొగగొట్టము మీదను కూలింగు టవర్ల మీదను నిలుచునే గాని, టర్బైను క్రింద నడగియున్న కండెన్సరును పట్టించుకొనువారరుదు. టర్బైనును త్రిప్పి శక్తి యుడిగిన యావిరి, వేలకొలది సన్నని గొట్టముల చల్లదనము సోకి, మరల నీరై బాయిలరు త్రోవ పట్టునది యచ్చటనే. ఆవిరివైపు శూన్యప్రాయమై యుండుటచేత, గొట్టమొక్కటి చిల్లిపడినను చల్లార్చు నీరు లోనికి పీల్చబడి, తన లవణములతో బాయిలరునకే చేటు తెచ్చును.

ఈ గొట్టముల లోహచరిత్ర నౌకలలో నారంభమైనది. డెబ్బది పాళ్లు రాగియు ముప్పది పాళ్లు జింకును గల యిత్తడి ఉప్పునీట తన జింకును పోగొట్టుకొని తేనెతుట్టె వలె గుల్లబారుచుండగా, జింకులో నొక పాలు తగ్గించి తగరము చేర్చిరి. బ్రిటిషు నౌకాదళము పేరిట నది అడ్మిరాల్టీ యిత్తడి యయ్యెను. పిమ్మట నూటికి కొద్ది శతాంశముల ఆర్సెనిక్ కలుపుటతో జింకు తొలగుట చాలవరకు నిలిచెను. వడిగల సముద్రజలమునకు అల్యూమినియం యిత్తడియు, నికెలు గల కుప్రోనికెలును వచ్చినవి. మన దేశమునకు సంబంధించిన పాఠమొకటి వేరే కలదు: వానకాలమున గుర్రపుశాలల దాపున నిలువయుంచిన యిత్తడి తూటాల తొడుగులు వాటంతట నవియే పగులుచుండుటకు, లోహములో నిగిడిన బిగువుతో అమ్మోనియా గూడుటయే హేతువని 1921లో మూర్, బెకిన్సేల్, మలిన్సన్ నిరూపించిరి. బాయిలరు నీటికి కలుపు అమ్మోనియా కండెన్సరులో గాలి తొలగించు భాగమున పోగగును గనుక, అచ్చటి గొట్టములకు మాత్రము కుప్రోనికెలునో స్టెయిన్‌లెస్ స్టీలునో యెన్నుకొను ఆచార మేర్పడినది.

ఇక మన సీమ సంగతి. నీటి కొఱత గల యీ నేలమీద, పెన్నపై నున్న మైలవరము జలాశయపు నీటిని ఒకసారి వాడి వదలు స్తోమత యెవ్వరికున్నది? కూలింగు టవరులో మాటిమాటికి త్రిప్పవలసినదే. త్రిప్పినకొలదియు నీరు ఆవిరియై పోవును, లవణములు మిగులును, చిక్కనగును. నంద్యాల జిల్లా బేతంచెర్ల మొదలు కడప వరకు నిండ్లకు పరచు నాపరాయి సున్నపురాయియే గదా. ఆ జాతి రాళ్ల నంటి ప్రవహించిన నీటికి కాఠిన్యము సహజగుణము. గొట్టముల లోపల గార కట్టిన యెడల ఉష్ణము దాటుట తగ్గును. గార క్రింద లోహము గుంటలు పడును. యూనిటును ఆపినప్పుడు నీటిని గొట్టములలో నిలువయుంచుట మఱియు ప్రమాదకరము.

కావున కేవలము ధరను బట్టియో, గట్టితనమును బట్టియో లోహమును నిర్ణయించుట చాలదని నా యభిప్రాయము. మీటరు-డిగ్రీకి అడ్మిరాల్టీ యిత్తడి సుమారు 110 వాట్ల ఉష్ణమును సాగనంపగా, తొంబది-పది కుప్రోనికెలు 50, స్టెయిన్‌లెస్ స్టీలు 16 మాత్రమే సాగనంపును. ఉక్కు గొట్టమును పలుచన చేసి యీ లోటును కొంత పూడ్చవచ్చును. అమ్మోనియా బెడదయు దానికి లేదు. అయినను క్లోరైడులు హెచ్చిన నీట సామాన్య స్టెయిన్‌లెస్ స్టీలును గుంటలు పడును గనుక, జలాశయము అడుగంటు వేసవిలో ఏ లోహము బిగించినవారైనను టవరు నీటిలోని లవణముల లెక్క ప్రతిదినము చూడక తప్పదు.