తపాలా కచేరి నుండి ఈ-మెయిలు దాఁక: పోస్టుమాస్టరు

చంద్రగిరి దాపున మా గ్రామములో, నా బాల్యమున, ఒక పోస్టుమాస్టరుగా రుండిరి. మా చిత్తూరు సీమలో తెలుఁగు, అరవము, ఉరుదు కలసి వినవచ్చును గదా. ఉత్తరముల మీఁది విలాసములును ఆ మూఁడు లిపులలో వచ్చుచుండెను. ఒకసారి "కోనేటిగట్టు కంసాలి యింటి పెద్దవానికి" అని మాత్రమే వ్రాసి యున్నది. ఆ గట్టున కంసాలుల యిండ్లు నాలుగు. ఆయన నాలుగిండ్లును విచారించి చేర్చిరి. చేర్పరానిదైనచో కారణము వ్రాసి మరలించువారు. టపాను గూర్చి యెవరికే మొర యున్నను ఆయన యరుఁగు మీఁదికే పోవలెను.

1854లో దూరముతో నిమిత్తము లేక, పావు తులము ఉత్తరమునకు అర్ధణా యని దేశమంతటికిని ఒకే రేటు కట్టిరి. 1880లో మనియార్డరు వచ్చినది. 1972 ఆగస్టు 15న పిన్‌కోడు వచ్చినది. తిరుపతికి 517501, తిరుమలకు 517504. ఇన్ని యేర్పాట్లున్నను, విలాసము తప్పినపుడు మనిషియే కావలసి వచ్చెను.

మన మనుమలు వ్రాయు ఈ-మెయిలులోను పోస్టుమాస్టరు కలఁడన్న మీరు నవ్వుదురేమో. ఈ-మెయిలు విలాసమున నడుమ నొక చుట్టుగుర్తుండును. దానికి ముందున్నది మనిషి పేరు. వెనుక నున్నది డొమైను, అనఁగా ఊరిపేరు వంటిది. 1982లో అమెరికాలో డేవిడ్ క్రాకర్ కూర్చిన నిబంధనలలో, ప్రతి చోటను 'పోస్టుమాస్టరు' అను పేర నొక పెట్టె తప్పక యుండవలెననియు, అందు పడినది బాధ్యుఁడైన మనిషికి చేరవలెననియు విధించిరి. అక్కడి వారెవ్వరి పేరును ఎఱుఁగనివాఁడు సైతము ఆ పేరున వ్రాసుకొనవచ్చును. ఆ డొమైను పేరు పెట్టుకొని దొంగ యుత్తరములు తిరుగుచున్నను అక్కడికే తెలుపుదురు. 2008లో సవరించిన నిబంధనలలోను ఆ పెట్టె నిలిచినది. వింత యొకటి వినుఁడు: చేరలేదని మరలివచ్చు జాబు మీఁద పంపినవారి విలాసమును ఖాళీగా విడువవలెను. లేనిచో రెండు యంత్రములు దానిని ఒకదానికొకటి త్రిప్పి పంపుకొనుచు నెన్నఁటికిని ఆఁగవు.

నిరుడు నా మనుమరాలు ఒక కళాశాలకు దరఖాస్తు పంపఁగా, పెట్టె నిండినదని మరలివచ్చినది. గడువు మూఁడు దినములు. పోస్టుమాస్టరు పేరున వ్రాయుమని నేనే చెప్పితిని. రెండు దినములు చూచితిమి, జవాబు లేదు. ఆ కళాశాల పేరు చెప్పను. తిరుపతిలో రాత్రి బస్సెక్కి పోయి, తెల్లవాఱి కాగితములు చేతికిచ్చితిమి. అక్కడి గుమాస్తా, "ఆ పెట్టెను చూచునాయన కొలువు మాని యేడాదియైనదండీ" అనెను.