పల్లెటూరి పచారీకొట్టు

రాజుల యుద్ధములు చదువు మనము మన యూరి పచారీకొట్టు చరిత్రమును తలఁచుట యరుదు. కృష్ణాతీరమున జనుల బ్రదుకు మాఱిన తీరు ఆ కొట్టు గడపయొద్దనే తెలియును.

1832-33 నాఁటి నందన కఱవు గుంటూరు సీమను పాడు చేసెను. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియయ్యెను. కాలువలు నీటితోపాటు దారినిగూడ నిచ్చెను; ఉప్పు, బెల్లము, పిదప కిరసనాయిలు పడవలమీఁద పల్లెలకు వచ్చెను. కోఁతలకు తీర్తునని రైతు అరువు తెచ్చుకొనెను. పద్దు వ్రాయువాఁడొకఁడు, వ్రేలిముద్ర వేయువాఁడొకఁడు! దుకాణదారుల నందఱను దూషింపరాదు. చేత కాసులేని నెలలలో ఇల్లు గడచినది ఆ యరువువలననే. కాని తాను చదువలేని పద్దులో న్యాయమున్నదో లేదో రైతున కెట్లు తెలియును?

1904 నాఁటి సహకార పరపతి సంఘముల చట్టము ఈ చిక్కును గుర్తించి, సంఘపు లెక్కలను ఏటేట తనిఖీ చేయవలెనని విధించెను. 1957లో నయాపైసలు, 1958 మొదలు మెట్రిక్ తూనికలు వచ్చి కానిని, వీశెను తొలఁగించెను. అయినను తూనిక మాఱినంతమాత్రమున లెక్క తెలిసినట్లు గాదు. నేఁడు పద్దు చేతిఫోనులోని కెక్కినది. దానిని మనమే చదువ నేర్చిననాఁడు గదా మన ఋణము మన యధీనమున నుండును!