ఒక ఓడ, మూడు పేర్లు

ఓడల చరిత్రలన్నీ యజమానుల చరిత్రలే. ఎవరు కట్టించారు, ఎవరు కొన్నారు, ఎంతకు అమ్మారు. మేం ఒక ఓడ కథను కింది అంతస్తు నుంచి చెప్పదలిచాం. పేరును బట్టి మనిషిని లెక్కగట్టే చోట బతుకుతున్నవాళ్లం. పేరు మారితే ఏం మారుతుందో చూడటం మాకు అలవాటే.

1960 మే 11న ఫ్రాన్స్‌లోని సెయింట్ నజేర్‌లో డిగాల్ భార్య ఆ ఓడను నీళ్లలోకి దించింది. దేశం పేరే దాని పేరు: ‘ఫ్రాన్స్’. పొడవు 316 మీటర్లు. 1962 నుంచి న్యూయార్క్‌కి తిరిగింది, సర్కారు సబ్సిడీ మీద. విమానాలొచ్చాయి, 1973లో చమురు ధర మండింది, మరుసటేడు సర్కారు చేతులెత్తేసింది. నౌకరీలు పోతాయని తెలిసిన సిబ్బంది 1974 సెప్టెంబర్‌లో లె హావ్ర్ రేవు ముంగిట లంగరు దించి ఓడను స్వాధీనం చేసుకున్నారు. ఓడిపోయారు. అయినా వాళ్లకు యూనియన్ ఉంది, అరిస్తే వినే దేశం ఉంది.

1977లో సౌదీ వ్యాపారి అక్రమ్ ఒజ్జె కొన్నాడు. (మావాడు కొన్నాడని మేం సంబరపడాలా? ఓడ రేవు దాటలేదు. రెండేళ్లకు అమ్మేశాడు.) నార్వే కంపెనీ 1 కోటి 80 లక్షల డాలర్లకు కొని ‘నార్వే’ అని పేరు పెట్టింది. 1980 నుంచి మయామీలో ఎక్కినవాళ్లను కరేబియన్ దీవులు తిప్పి చూపించడమే పని. వేగం అక్కర్లేదు గనక ముందరి ఇంజన్ గది మూసేశారు, నాలుగు ప్రొపెల్లర్లలో రెండు తీసేశారు. పనివాళ్లను మాత్రం ఏ దేశంలో కూలి తక్కువైతే ఆ దేశం నుంచి తెచ్చుకున్నారు. కింద పాత బాయిలర్లే. 2000లో ఆ కంపెనీ స్టార్ క్రూజెస్ చేతికి పోయింది.

2003 మే 25న మయామీ రేవులో బాయిలర్ పేలింది. 8 మంది సిబ్బంది చనిపోయారు. ఫిలిప్పీన్స్ కుటుంబాలు ఫ్లోరిడా కోర్టుకెళ్తే, మీ దేశంలో మధ్యవర్తి దగ్గర తేల్చుకోండన్నారు. నౌకరీ కాగితం మీద సంతకం చేశారట! తీవ్ర నిర్లక్ష్యం నిజమేనని 2008లో కంపెనీ ఒప్పుకుంది. జరిమానా 10 లక్షల డాలర్లు.

2006లో బంగ్లాదేశ్ ఆ ఓడను రానివ్వలేదు. ‘బ్లూ లేడీ’ పేరుతో గుజరాత్‌లోని అలంగ్ తీరానికొచ్చింది. అదే ఏడాది ఆస్‌బెస్టాస్ గొడవతో ఫ్రాన్స్ తన యుద్ధనౌక క్లెమన్సోను అలంగ్ దారిలోంచి వెనక్కి పిలిపించుకుంది. దీన్నెవరూ పిలవలేదు, ఇది ఇప్పుడు ఫ్రాన్స్ కాదు కదా. 2007 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు విరగ్గొట్టుకోమంది. ఒరిస్సా, బీహార్, యూపీల నుంచి వచ్చిన కూలీలు గ్యాస్ కట్టర్లతో కోశారు.

ఓడ ముక్కు భాగాన్ని భద్రంగా ప్యారిస్ పంపితే 2009లో వేలంలో అమ్ముడుపోయింది. ఆస్‌బెస్టాస్ ధూళి మాత్రం ఊపిరితిత్తుల్లో ఇరవై, ముప్పై ఏళ్లు కూర్చుని జబ్బవుతుంది. అప్పటికి ఆ కూలీ ఏ ఊళ్లో ఉంటాడో, ఏ ఓడ కోశాడో ఏ డాక్టరు అడుగుతాడు?