అభ్యర్థి పలుకు - ఓటరు తీర్పు

ప్రజాపరిపాలనమున అభ్యర్థి చెప్పు విషయమెంత ముఖ్యమో, చెప్పు తీరును అంత ముఖ్యము. అతని కంఠస్వరమునుబట్టి ఓటరు మొదట గ్రహించునది యొక్కటే: ఈతడు మనలను ఏమిగా నెంచుచున్నాడు?

అనంతపురమునకు చేరువనున్న బుక్కరాయసముద్రమునకు ఈ ప్రశ్న క్రొత్తది కాదు. విజయనగర ప్రభువగు బుక్కరాయల పేరు వహించిన ఆ యూరి చెఱువుకట్ట తెగబోయినప్పుడు, ముసలమ్మ యను కోడలు ఊరికొఱకు ప్రాణమర్పించెనని గాథ. కట్టమంచి రామలింగారెడ్డిగారు దానినే కావ్యముగ రచించిరి. వాన కరవైన సీమలో అట్టి త్యాగమును తలచుకొను జనులు, తమ యోటు నడుగ వచ్చినవానియొద్ద తియ్యని మాటతోనే తృప్తి చెందుదురా?

1982 ఫిబ్రవరిలో బేగంపేట విమానాశ్రయమున ముఖ్యమంత్రి అంజయ్యగారిని రాజీవ్ గాంధీగారు పదిమందిలో మందలించిరి. ఆ మందలింపు తెలుగువారి నందఱిని తాకినట్లు తోచెను. ఆ మార్చి 29వ తేదీన నందమూరి తారక రామారావుగారు తెలుగుదేశము పార్టీని స్థాపించి, ఆత్మగౌరవమను మాటతో చైతన్యరథముపై ఊరూర తిరిగిరి. వారి భాష రాయలసీమ వాడుకభాష కాదు. పౌరాణిక చిత్రముల గంభీరభాష. అయినను అది గుండెలకు సోకెను. కారణము గాంభీర్యము కాదు, బంధుత్వము. తాను అన్నగా నిలిచి స్త్రీలను ఆడపడుచులని సంబోధించిరి. 1983 జనవరిలో 294 స్థానములలో రెండువందలకు పైగా ఆ పార్టీకి దక్కెను.

అన్న యనిపించుకొన్నవాడు వట్టిచేతులతో రారాదు. కిలో రెండు రూపాయల బియ్యము వచ్చెను. తిరుపతిలో 1983లో మహిళా విశ్వవిద్యాలయము వెలసెను. 1986 నాటి శాసనము, అంతకుముందే వివాహమైనవారికి గాకున్నను, కుమార్తెలకు ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కుమారులతో సమానమైన జన్మహక్కు నొసగెను. దేశమంతటికిని అట్టి హక్కు 2005లో గాని రాలేదు. ఆడపడుచను పిలుపు ఇట్లు హక్కుగా మాఱినది. సంఘసంస్కారమును గోరు మనము మఱువరాని యంశమిది.

అధికారమున ఆ స్వరమే కొంత ఆజ్ఞగా మాఱెను. 1989 ఫిబ్రవరిలో మంత్రుల నందఱిని వారు ఒక్కమాఱుగ తొలగించిరి. ఆ యేటి ఎన్నికలలో కాంగ్రెసు గెలిచెను; రామారావుగారు కల్వకుర్తిలో ఓడిరి. ఓటమికి స్వరమే ఏకైక కారణమనుట తొందరపాటగును. అనంతపురము జిల్లాలోనే హిందూపురము వారిని విడువలేదు. నేడు బుక్కరాయసముద్రము చేరియున్న శింగనమల మాత్రము కాంగ్రెసును వరించి, 1994లో మరల తెలుగుదేశమునకు మఱలెను. ఒకే గొంతు విన్న యిరుగుపొరుగువారు వేఱువేఱు తీర్పుల నిచ్చిరి. కావున ఓటరు స్వరమునకు వశుడగు అమాయకుడని తలచుట తప్పు.

స్వరము చెఱువుతూమువంటిది. తూము మూసియున్నచో నీరున్నను పొలము తడవదు. చెఱువు ఎండినచో తూమెంత తెఱచినను ఫలము లేదు. దూషించువాడు తూమును తానే మూసికొనును. పొగడి పని మఱచువాడు ఎండిన చెఱువును చూపును.

కనుక అభ్యర్థి మన గడప యెదుట నిలిచినప్పుడు రెండు సంగతులు గమనింతము. ఇంటి యజమానితో పలికినట్లే ఇల్లాలితోను, కూలివానితోను పలుకుచున్నాడా? గతమున పిలిచిన పిలుపునకు తగిన పని చేసినాడా? ఈ రెండవ ప్రశ్నను ఇల్లాలే అడుగుట మేలు. వట్టిమాటలవలన మొదట నష్టపోవునది ఆమె బిందెయే.