మాత్రలు పడట్లేదా? కాపర్‌ టీ అంటే భయమా? మూడు నెలలకో ఇంజెక్షన్‌ చాలు

రోజూ మాత్ర గుర్తుపెట్టుకోలేక, కాపర్‌ టీ అంటే భయపడి చాలామంది నేరుగా ట్యూబెక్టమీకే వెళ్తున్నారు. తెలుగు రాష్ట్రాల్లో కుటుంబ నియంత్రణ అంటే ఆడవాళ్ల ఆపరేషనే అన్నట్టు తయారైంది. కానీ వేరే దారులూ ఉన్నాయి.

2017లో కేంద్రం తెచ్చిన ‘అంతర’ ఇంజెక్షన్‌ను సర్కారు ఆసుపత్రుల్లో ఉచితంగా వేస్తారు. మూడు నెలలకోసారి వేయించుకోవాలి. కాన్పయిన ఆరు వారాల తర్వాత పాలిచ్చే తల్లులూ తీసుకోవచ్చు. దీంతో నెలసరి క్రమం తప్పుతుంది, కొందరికి ఆగిపోతుంది కూడా. చెడు రక్తం లోపలే ఉండిపోతుందని కంగారుపడి మధ్యలో మానేసేవాళ్లున్నారు. అది వట్టి అపోహ. గర్భాశయం లోపలి పొర పలచబడటం వల్లే రక్తస్రావం తగ్గుతుంది. బ్లీడింగ్‌ మరీ ఎక్కువైతే మాత్రం డాక్టర్‌కు చూపించుకోవాలి. బీపీ, రొమ్ము క్యాన్సర్‌ ఉంటే ముందే చెప్పాలి. చివరి ఇంజెక్షన్‌ తర్వాత గర్భం రావడానికి 7 నుంచి 10 నెలలు పట్టొచ్చు. త్వరలోనే బిడ్డ కావాలనుకునేవాళ్లకు ఇది సరిపడదు, వాళ్లకు కండోమే నయం. హెచ్‌ఐవీ నుంచీ రక్షణ దొరుకుతుంది.

ఇక పిల్లలు చాలనుకుంటే మగవాళ్ల వేసెక్టమీ ఉంది. ట్యూబెక్టమీ కంటే చాలా తేలిక. కోత, కుట్లు లేకుండానే చేస్తారు, అదే రోజు ఇంటికెళ్లొచ్చు. మగతనం తగ్గదు. అయితే వెంటనే పనిచేయదు. మూడు నెలల తర్వాత వీర్య పరీక్షలో కణాలు లేవని తేలేదాకా కండోమ్‌ వాడాల్సిందే.