కళ్ళజోడు తీసెయ్యమన్న డాక్టరు

రతన్‌పూర్‌లో మహామాయ గుడి చూసుకుని సాయంత్రానికి బిలాస్‌పూర్ చేరాం. అక్కడి రైల్వే కాలనీలో మా అక్కావాళ్ళు ఉంటారు. రైలు కొలువులకు వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు ఆ ఊళ్ళో తక్కువేం కాదు. మా మేనల్లుడికి ఇంజను నడపాలని కోరిక. అసిస్టెంట్ లోకో పైలట్‌గా చేరాలంటే కళ్ళజోడు లేకుండానే రెండు కళ్ళకూ 6/6 చూపు ఉండాలి. అంటే మామూలు కన్ను 6 మీటర్ల నుంచి చదవగలిగే అక్షరాన్ని అంతే దూరం నుంచి చదవాలి. వాడికేమో మైనస్ రెండు అద్దాలు!

"మావయ్యా, కంటి వ్యాయామాలు చేస్తే మూడు నెలల్లో జోడు తీసెయ్యొచ్చట. నిజమేనా?" అంటూ ఓ చిన్న పుస్తకం చూపించాడు.

కాదని ఒక్క మాటలో తేల్చేస్తే వాడు నమ్మడు. నమ్మనక్కర్లేదు కూడా. ఈ వాదన ఎక్కడ పుట్టిందో, దాన్ని ఎలా పరీక్షించాలో చూద్దాం.

బేట్స్ వాదన

విలియం బేట్స్ (1860–1931) న్యూయార్క్‌లో కంటి వైద్యుడు. కళ్ళజోడు లేకుండానే చూపు బాగవుతుందంటూ 1920లో ఒక పుస్తకం ప్రచురించాడు. కనుగుడ్డును బయటి నుంచి పట్టి ఉంచే కండరాలు దాన్ని నొక్కి పొడవు మారుస్తాయనీ, దగ్గరివీ దూరానివీ అలాగే కనిపిస్తాయనీ ఆయన సిద్ధాంతం. చూడటానికి మనసు పడే శ్రమవల్ల ఆ కండరాలు బిగిసిపోవడమే దృష్టిదోషమన్నాడు. అరచేతులతో కళ్ళు మూసుకోవడం, ఒళ్ళు ఊపడం, కళ్ళకు ఎండ తగలనివ్వడం ఆయన చికిత్సలు. మన దేశంలో డాక్టర్ ఆర్.ఎస్. అగర్వాల్ ఈ పద్ధతిని ప్రచారం చేశారు. పుదుచ్చేరి అరవింద ఆశ్రమంలోని నేత్ర పాఠశాల ఆయన పేరుతో ముడిపడినదే.

నూరేళ్ళ ముందే జవాబు

తమాషా ఏమిటంటే, ఈ సిద్ధాంతానికి జవాబు బేట్స్ పుట్టకముందే దొరికింది. 1801లో థామస్ యంగ్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త తన కన్నుమీదే ప్రయోగాలు చేసుకున్నాడు. కార్నియా ముందు నీళ్ళు నింపిన గొట్టం ఆనించాడు. నీటిలో కార్నియా వంపుకు దాదాపు బలం ఉండదు. అయినా దగ్గరికీ దూరానికీ చూపు సర్దుకుంటూనే ఉంది. తర్వాత కనుగుడ్డు పొడవు పెరగడానికి వీల్లేకుండా ముందూ వెనకా అడ్డుపెట్టి చూశాడు. అప్పుడూ చూపు సర్దుకుంది. శుక్లం తీయడంతో కంట్లో కటకం లేని వాళ్ళను పరీక్షిస్తే మాత్రం ఆ శక్తి కనిపించలేదు. అంటే చూపును సర్దేది లోపలి కటకమే.

మరి హ్రస్వదృష్టి? అందులో సాధారణంగా కనుగుడ్డు ఉండవలసిన దానికంటే పొడవుగా పెరుగుతుంది. పెద్దవారి కన్ను ముందు నుంచి వెనక్కి దాదాపు 24 మిల్లీమీటర్లు. ఒక్క మిల్లీమీటరు పెరిగితే చాలు, అద్దం పవరు రెండున్నర నుంచి మూడు దాకా మారుతుంది. అలా పెరిగిన కన్నును వ్యాయామం తిరిగి కుదించలేదు.

మరి బాగైందనే వాళ్ళో?

ఒక అట్టముక్కకు గుండుసూదితో రంధ్రం చేసి, జోడు తీసేసి అందులోంచి దూరంగా ఉన్న బోర్డు చూడండి. అక్షరాలు తేటపడతాయి! కన్ను మారలేదు. లోపలికి వచ్చే కిరణాల కట్ట సన్నబడింది, అంతే. కళ్ళు చికిలించినా జరిగేది ఇదే. పైగా మసక బొమ్మల్ని పోల్చుకోవడం మెదడు నేర్చుకుంటుంది, చార్టులోని అక్షరాలు కంఠస్థమవుతాయి.

ఇంగ్లీషు రచయిత ఆల్డస్ హక్స్‌లీకి 1911లో, బడిలో ఉండగా, జబ్బు చేసి చూపు దాదాపు పోయింది. బ్రెయిలీ నేర్చుకున్నాడు. 1939 నుంచి బేట్స్ పద్ధతి సాధన చేసి, మేలు జరిగిందని 1942లో ఒక పుస్తకమే రాశాడు. 1952లో బెన్నెట్ సెర్ఫ్ అనే ప్రచురణకర్త ఒక సంగతి బయటపెట్టాడు. ఓ విందులో హక్స్‌లీ జోడు లేకుండా ప్రసంగం చదువుతున్నట్టే కనిపించాడట. మధ్యలో తడబడి, కాగితాన్ని కళ్ళకు దగ్గరగా తెచ్చుకుని, చివరికి జేబులోంచి భూతద్దం తీశాడట. ప్రసంగం ఆయనకు కంఠతా వచ్చు! హక్స్‌లీ అబద్ధమాడాడని అనుకోనక్కర్లేదు. ఉన్న కాస్త చూపునూ నేర్పుగా వాడుకోవడం ఆయనకు అలవడి ఉండవచ్చు. అయితే నేర్పు పెరగడం వేరు, కన్ను మారడం వేరు.

ఈ తేడా ఎందుకు ముఖ్యం?

హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 1996–2000 మధ్య ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పదివేల మందికి పైగా పరీక్షించింది. జనాభాలో 1.84 శాతం అంధులని తేలింది. ఆ అంధత్వంలో 44 శాతానికి శుక్లాలు, 16.3 శాతానికి దృష్టిదోషాలు కారణం. సకాలంలో తగిన అద్దాలు అందితే తప్పిపోయే చీకటి ఇందులో చాలా ఉంది. అలాంటిచోట "జోడు తీసెయ్యండి" అనే మాట హానిలేని సలహా కాదు. ఇక సూర్యుడి వైపు సూటిగా చూడటం వల్ల రెటీనా శాశ్వతంగా దెబ్బతినవచ్చు.

అద్దాలకూ లొంగని చూపు ఉంటుంది. వైలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామినాయుడు (1893–1964) గారి చూపు చిన్నప్పటి నుంచే మందం. చదువు సాగలేదు. కానీ 1919లో విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో వైలిన్ ఆచార్యులయ్యారు, 1936లో అదే కళాశాలకు ప్రిన్సిపాల్ అయ్యారు. చూపు బాగయ్యేదాకా ఆయన జీవితం ఆగి కూర్చోలేదు.

మేనల్లుడితో అన్నాను: "సరేరా, నువ్వే పరీక్షించు. ముందు కంటి డాక్టరు దగ్గర పవరు కొలిపించుకో. ఎండలోకి చూసేవి తప్ప మిగతావి మూడు నెలలు చెయ్యి. మళ్ళీ కొలిపించుకో. చార్టు ఎన్ని వరుసలు చదివావన్నది కాదు, పవరు మారిందా లేదా అన్నదే లెక్క. ఈలోగా జోడు మాత్రం తియ్యకు."

వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "జోడు ఉన్నా తీసుకునే కొలువులు రైల్వేలో ఏమేం ఉన్నాయి మావయ్యా?" అని అడిగాడు. చాలానే ఉన్నాయి. ఆ రాత్రి ఇద్దరం కూర్చుని ఆ జాబితా రాశాం.